పూర్వరంగంలో మారే సూత్రధారి: టెలివిజన్ క్రీడా ప్రసారాల్లో సంధానకర్తల నిష్క్రమణ – విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

క్రీడాపోటీ మొదలయ్యే ముందు టెలివిజన్‌లో ప్రసారమయ్యే చర్చా కార్యక్రమం ఆటకు ప్రస్తావన వంటిది. అమెరికాలో ఐదు దశాబ్దాలుగా రూపుదిద్దుకున్న ఈ ప్రక్రియ ప్రపంచ క్రీడా ప్రసారాలన్నింటికీ నమూనాగా మారింది. ఇందులో పాల్గొనే సంధానకర్తలు, విశ్లేషకులు ఎలా నియమితులయ్యారు, ఎలా తొలగిపోయారు అనే అంశాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సీబీఎస్ 'ది ఎన్‌ఎఫ్‌ఎల్ టుడే', ఫాక్స్ 'ఎన్‌ఎఫ్‌ఎల్ సండే', ఈఎస్‌పీఎన్ 'సండే ఎన్‌ఎఫ్‌ఎల్ కౌంట్‌డౌన్', 'కాలేజ్ గేమ్‌డే' కార్యక్రమాలు ఇందుకు ప్రధాన ఆధారాలు. ప్రసార సంస్థ పాత్రను చూస్తుంది, ప్రేక్షకుడు పాత్రధారిని చూస్తాడు. ఈ రెండు చూపుల మధ్య ఉన్న దూరం నిష్క్రమణ సమయంలోనే బయటపడుతుంది. వీడ్కోలు చెప్పిన తీరును బట్టి ఒక కార్యక్రమం తన ప్రేక్షకులను ఏ మేరకు గౌరవిస్తున్నదో నిర్ణయించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పూర్వరంగం, సూత్రధారి, స్థాపకుడు, సంధానకర్త, క్రీడా ప్రసారం, ప్రసార హక్కులు, వీడ్కోలు.

1. ఉపోద్ఘాతం

టెలివిజన్ అధ్యయనాల్లో క్రీడాప్రసారానికి దక్కిన స్థానం తక్కువ. అందులోనూ ఆటకు ముందు నడిచే స్టూడియో చర్చకు దక్కినది మరీ తక్కువ. ఆట అసలు వస్తువనీ, చర్చ ప్రకటనల మధ్య ఖాళీని నింపే కాలక్షేపమనీ ఉన్న అభిప్రాయమే ఇందుకు కారణం. అయితే ప్రేక్షకుని అనుభవాన్ని పరిగణిస్తే ఈ అభిప్రాయం నిలవదు. జట్లు గెలుస్తాయి, ఓడుతాయి. ఆటగాళ్లు పదేళ్లలో వయసు మళ్లి తప్పుకుంటారు. ప్రతి ఆదివారం అదే వేళకు, అదే బల్ల వెనుక కనిపించే ముఖాలు మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లపాటు ఇంటి మనుషుల్లా మిగులుతాయి.

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే సామాజిక శాస్త్రవేత్తలు టెలివిజన్ వ్యక్తులతో ప్రేక్షకులు పెంచుకునే ఏకపక్ష సాన్నిహిత్యాన్ని సిద్ధాంతీకరించారు. తెరమీది వ్యక్తి క్రమం తప్పకుండా కనిపించడం, అతని ప్రవర్తన ఊహకు అందేలా ఉండడం ఆ సాన్నిహిత్యానికి మూలమని వారు గుర్తించారు. ఈ సూత్రానికి క్రీడాప్రసారాల సంధానకర్తను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. అటువంటి వ్యక్తి ఒక ఆదివారం కనిపించకపోతే ఏమవుతుంది? ఆ లోటును ఎవరు, ఎవరికి, ఏ మాటల్లో వివరిస్తారు? ఈ ప్రశ్నలు తారల వార్తలకు సంబంధించినవిగా పైకి కనిపించినా, నిజానికి అవి ఒక ప్రక్రియ స్వభావానికి సంబంధించినవి.

2. పూర్వరంగం – సూత్రధారి, స్థాపకుడు

భరతుని నాట్యశాస్త్రం ఐదవ అధ్యాయం పూర్వరంగ విధానాన్ని వివరిస్తుంది. నాటకం మొదలవడానికి ముందు వాద్యాలు సరిచూసుకోవడం, నాంది పఠించడం మొదలైన అంగాలన్నీ అందులో ఉన్నాయి. వాటిని నిర్వహించినవాడు సూత్రధారి. పూర్వరంగం ముగిశాక సూత్రధారి నిష్క్రమిస్తాడు. అప్పుడు గుణంలోనూ ఆకృతిలోనూ అతనిని పోలిన స్థాపకుడు ప్రవేశించి కావ్యవస్తువును సూచిస్తాడు. తరువాతి కాలపు ప్రదర్శనల్లో ఈ రెండు బాధ్యతలనూ సూత్రధారి ఒక్కడే వహించడం వాడుకగా మారింది.

స్థాపకుని భావన ఈ చర్చకు చాలా ఉపకరిస్తుంది. ఒకరి స్థానంలోకి మరొకరు రావచ్చు, గుణాలు సరిపోతే చాలు అనేది శాస్త్రం అంగీకరించిన విషయం. ప్రసార సంస్థల నియామక విధానం కూడా ఇదే. స్టూడియోలో కొన్ని స్థానాలు ఉంటాయి: చర్చను నడిపే సంధానకర్త, ఆటలోని లోతులు చెప్పే మాజీ ఆటగాడు, వ్యూహం విప్పి చెప్పే మాజీ శిక్షకుడు, నవ్వించేవాడు, లోపలి కబుర్లు తెచ్చేవాడు. ఒక స్థానం ఖాళీ అయితే ఆ గుణాలున్న మరొకరితో నింపుతారు.

తెలుగువారికి మరింత చేరువైన పోలిక బుర్రకథలో ఉంది. తంబురా పట్టిన కథకుడు కథను నడుపుతాడు. ఇరుపక్కలా ఉన్న వంతల్లో ఒకరు హాస్యం, మరొకరు సమకాలీన విషయాలపై వ్యాఖ్య చేస్తారు. స్టూడియో బల్ల కూర్పు దాదాపు ఇదే. అయితే పల్లెలో బుర్రకథ విన్నవారు దళాన్ని కథకుని పేరుతోనే గుర్తు పెట్టుకుంటారు. ఫలానావారి కథ అంటారే తప్ప ఫలానా స్థానంలో ఉన్నవారి కథ అనరు. శాస్త్రం స్థానాన్ని లక్షణీకరించింది. జనం మనిషిని గుర్తు పెట్టుకున్నారు. క్రీడాప్రసార కార్యక్రమాల్లోని మార్పులన్నీ ఈ వైరుధ్యంలోనే జరిగాయి.

3. 1975: బల్ల కుదిరిన తీరు

అమెరికన్ ఫుట్‌బాల్ జాతీయ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ పోటీలు ప్రధానంగా ఆదివారం మధ్యాహ్నం జరుగుతాయి. వాటికి ముందు సీబీఎస్ ప్రసారం చేసిన 'ది ఎన్‌ఎఫ్‌ఎల్ టుడే' 1975 సెప్టెంబరులో కొత్త రూపం దాల్చింది. బ్రెంట్ మస్‌బర్గర్ సంధానకర్త. మాజీ ఆటగాడు ఇర్వ్ క్రాస్ విశ్లేషకుడు. 1971 మిస్ అమెరికా ఫిలిస్ జార్జ్ ఆటగాళ్లతో ముఖాముఖీలు నిర్వహించేవారు. మరుసటి సంవత్సరం లాస్‌వేగస్ పందేల లోకంలో పేరుపొందిన జిమ్మీ స్నైడర్ ఫలితాలను ఊహించి చెప్పడానికి చేరాడు. 'ది గ్రీక్' అనేది అతని వాడుక పేరు.

ఈ కూర్పు యాదృచ్ఛికం కాదు. ఒక పాత్రికేయుడు, ఒక నల్లజాతి మాజీ ఆటగాడు, ఒక యువతి, ఒక పందెగాడు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఆనాటి అమెరికన్ టెలివిజన్‌లో కొత్త దృశ్యం. ఆట పరిజ్ఞానం ఉన్న పురుష ప్రేక్షకునితోపాటు ఇంట్లో మిగిలినవారిని కూడా తెరముందు కూర్చోబెట్టాలన్న ఆలోచన ఇందులో స్పష్టం. ఆ తరువాత వచ్చిన కార్యక్రమాలు ఈ చట్రాన్ని విస్తరించాయే గాని విడిచిపెట్టలేదు.

గమనించవలసిన అంశం ఏమిటంటే, ఈ నలుగురినీ నాలుగు అవసరాల కోసం తెచ్చారు. అవసరంకోసం తెచ్చిన మనిషిని అవసరం తీరాక ఎలా పంపాలన్న ప్రశ్న కార్యక్రమం పుట్టినప్పుడే దానితోపాటు పుట్టింది. ఆ బల్లకు దొరికిన సమాధానాలు నాలుగు రకాలు. స్నైడర్‌ను మాట బయటికి పంపింది. మస్‌బర్గర్‌ను ఒప్పందం పంపింది. జార్జ్ వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లారు. క్రాస్ పదిహేను సీజన్లు నిశ్శబ్దంగా నిలబడి, మస్‌బర్గర్ తరువాతి పునర్వ్యవస్థీకరణలో ఆ బల్లకు దూరమయ్యారు. జాతీయ టెలివిజన్‌లో పూర్తికాల క్రీడా విశ్లేషకునిగా నిలిచిన తొలి నల్లజాతీయునిగా చరిత్ర ఆయనను గుర్తిస్తుంది. అయినా నలుగురిలో అతి తక్కువగా చర్చకు వచ్చిన నిష్క్రమణ ఆయనదే.

4. మాట తెచ్చిన మార్పు: 1988, 2003

1988 జనవరిలో వాషింగ్టన్‌లోని ఒక స్థానిక టెలివిజన్ విలేఖరితో మాట్లాడుతూ, నల్లజాతి క్రీడాకారుల శరీరబలానికి బానిసత్వ కాలపు సంతానోత్పత్తి పద్ధతులే కారణమని స్నైడర్ అన్నాడు. సీబీఎస్ మరునాడే అతనిని తొలగించింది. ఆ వ్యాఖ్య నీచమైనది, తొలగింపు న్యాయమైనది. విమర్శకు అర్హమైన అంశం మరొకటి ఉంది. పన్నెండేళ్లపాటు స్నైడర్ పక్కన కూర్చున్న క్రాస్ నల్లజాతీయుడు. ఆ వ్యాఖ్య బయట ఒక హోటల్లో వెలువడింది, తీర్పు సంస్థ కార్యాలయంలో జరిగింది. రెండూ బల్లకు వెలుపలే. స్థానం ఖాళీ కావడంతో సమస్య ముగిసినట్లు లెక్క.

పదిహేనేళ్ల తరువాత ఈఎస్‌పీఎన్ 'సండే ఎన్‌ఎఫ్‌ఎల్ కౌంట్‌డౌన్'లో జరిగినది దీనితో పోల్చదగినది. 2003 సీజన్‌కు రేడియో రాజకీయ వ్యాఖ్యాత రష్ లింబాను ఆ బల్లకు తెచ్చారు. ఫిలడెల్ఫియా జట్టు క్వార్టర్‌బ్యాక్ డోనవన్ మెక్‌నాబ్ నల్లజాతీయుడు కాబట్టే పత్రికలు అతనిని మితిమీరి మెచ్చుకుంటున్నాయన్న అర్థం వచ్చేలా సెప్టెంబరు 28న లింబా కార్యక్రమంలోనే వ్యాఖ్యానించాడు. కొద్ది రోజుల్లోనే రాజీనామా చేశాడు. తరువాతి ఆదివారం అదే బల్ల దగ్గర మాజీ ఆటగాడు టామ్ జాక్సన్ ఆ వ్యవహారంపై ప్రేక్షకులతో సూటిగా మాట్లాడాడు.

రెండు సంఘటనల ఫలితం ఒకటే, తొలగిపోవడం. వాటి అర్థం మాత్రం వేరు. 1988లో ప్రేక్షకుడు వార్తను మరుసటి రోజు పత్రికలో చదివిన బయటివాడు. 2003లో అతను బల్లకు ఎదురుగా కూర్చున్న సాక్షి. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే దానిని పేర్కొనడం వల్ల మిగిలినవారి గౌరవం నిలిచింది. ఆ పూట వ్యాఖ్యకు వెంటనే దీటైన సమాధానం రాలేదన్న విమర్శ ఆ బల్లపై ఉన్నవారికి కూడా తగిలింది. జాక్సన్ మాటల బరువు అందువల్లనే పెరిగింది.

5. లెక్కలు తెచ్చిన మార్పు

మాటల వల్ల జరిగే నిష్క్రమణలకు కనీసం ఒక కారణం బహిరంగంగా ఉంటుంది. ఒప్పందాల వల్ల జరిగేవాటికి అదీ ఉండదు. 1990 ఏప్రిల్ 1న మస్‌బర్గర్‌ను సీబీఎస్ వదులుకుంది. ఆ సమయంలో అతను ఆ సంస్థ క్రీడావిభాగానికి ముఖం వంటివాడు. మరునాడు జరిగిన కళాశాలల బాస్కెట్‌బాల్ తుదిపోటీ వ్యాఖ్యానం సీబీఎస్‌లో అతని చివరి బాధ్యత. ప్రసారం చివర అతను ప్రేక్షకులకు వీడ్కోలు చెప్పాడు. పదిహేనేళ్లు అలవాటైన ఆదివారపు బల్ల నుండి మాత్రం ఆ వీడ్కోలు రాలేదు. సెప్టెంబరులో కార్యక్రమం తిరిగి మొదలయ్యేసరికి ఆ కుర్చీలో గ్రెగ్ గంబెల్, పక్కన టెరీ బ్రాడ్‌షా ఉన్నారు.

1993 డిసెంబరులో మరింత పెద్ద మార్పు వచ్చింది. నాలుగేళ్లకు 158 కోట్ల డాలర్లు చెల్లించి ఫాక్స్ సంస్థ సీబీఎస్ దగ్గరున్న ఎన్‌ఎఫ్‌ఎల్ హక్కులను గెలుచుకుంది. హక్కులతోపాటు ముఖాలు కూడా తరలిపోయాయి. 1994లో మొదలైన ఫాక్స్ 'ఎన్‌ఎఫ్‌ఎల్ సండే'లో జేమ్స్ బ్రౌన్ సంధానకర్త. బ్రాడ్‌షా, హోవీ లాంగ్, మాజీ శిక్షకుడు జిమ్మీ జాన్సన్ ఆయనకు తోడు. వీరిలో బ్రౌన్, బ్రాడ్‌షా సీబీఎస్ నుండి వచ్చినవారే. కార్యక్రమం ఒక సంస్థ ఆస్తి అయితే, నమ్మకం మనుషుల వెంట నడుస్తుందని కొత్త సంస్థ గ్రహించిందనడానికి ఇది నిదర్శనం.

2006లో బ్రౌన్ సీబీఎస్‌కు తిరిగి వెళ్లి 'ది ఎన్‌ఎఫ్‌ఎల్ టుడే' సంధానకర్త అయ్యాడు. ఫాక్స్‌లో ఆ స్థానం మొదట జో బక్‌కు, ఆపైన కర్ట్ మెనెఫీకి దక్కింది. బ్రాడ్‌షా, లాంగ్ అక్కడే ఉండడంతో కార్యక్రమం స్వరూపం చెదరలేదు. ఈ ఉదాహరణ స్థాపక సిద్ధాంతానికి అనుకూలమైనదే: మిగిలిన దళం నిలిచి ఉంటే కథకుడు మారినా కథ సాగుతుంది.

ఇటీవలి మార్పుల్లో ఒక క్రమం కనిపిస్తుంది. 2023 జూన్ చివర ఈఎస్‌పీఎన్ ఖర్చు తగ్గింపులో భాగంగా తొలగించినవారిలో 'మండే నైట్ కౌంట్‌డౌన్' సంధానకర్త సూజీ కోల్బర్, 'కాలేజ్ గేమ్‌డే' విశ్లేషకుడు డేవిడ్ పొలాక్ ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో సీబీఎస్ బల్ల నుండి ఫిల్ సిమ్స్, 2002 నుండి అక్కడున్న బూమర్ ఎసైసన్ తప్పుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో, సీజన్ ఆరంభానికి మూడు వారాల ముందు, 'సండే ఎన్‌ఎఫ్‌ఎల్ కౌంట్‌డౌన్' సంధానకర్త సామ్ పాండర్‌ను ఈఎస్‌పీఎన్ తొలగించింది. ఆ స్థానం మైక్ గ్రీన్‌బర్గ్‌కు లభించింది. ఇవన్నీ ఆయా కార్యక్రమాలు ప్రసారంలో లేని నెలల్లో జరిగాయి. ఒప్పందాల గడువులు, ఆర్థిక సంవత్సరపు లెక్కలు ఇందుకు కారణం కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే: నిష్క్రమణ రంగస్థలం మీద జరగదు, తెర దించి ఉన్నప్పుడు నేపథ్యంలో జరుగుతుంది. తెర లేచేసరికి వేషం అదే, మనిషి వేరు.

6. మహిళా సంధానకర్తలు: ప్రవేశమే షరతుగా

స్థానం, మనిషి అనే వైరుధ్యం మహిళల విషయంలో మరింత తీవ్రమవుతుంది. ఫిలిస్ జార్జ్‌కు ఆట నేపథ్యం లేదన్న విమర్శ మొదటినుండీ ఉంది. ఆమె బలం ఆటగాళ్ల చేత మాట్లాడించడంలో ఉంది. 1978లో ఆమె వెళ్లిపోగా నటి జేన్ కెనడీ ఆ స్థానంలోకి వచ్చారు. జాతీయ క్రీడా ప్రసారంలో ఆ స్థాయిని అందుకున్న తొలి నల్లజాతి మహిళల్లో ఆమె ఒకరు. 1980లో జార్జ్ తిరిగి రావడంతో ఆ స్థానం కెనడీకి దూరమైంది. ఇద్దరిదీ ఒకే కుర్చీ. మహిళకు ఒకే కుర్చీ ఉన్నచోట ఒకరి రాక మరొకరి పోక అవుతుంది. పురుషుల మధ్య ఇటువంటి నియమం లేదు. మాజీ ఆటగాళ్లు ముగ్గురో నలుగురో పక్కపక్కనే కూర్చోగలిగారు.

భారతదేశంలో ఇదే ఘట్టం 2003 ప్రపంచకప్ సమయంలో పునరావృతమైంది. సెట్ మ్యాక్స్ ప్రసారం చేసిన 'ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్'లో చారు శర్మతో కలిసి నటి మందిరా బేడీ సంధానకర్తగా కనిపించారు. దూరదర్శన్ 'శాంతి' ధారావాహికతో అప్పటికే ఆమె ఇంటింటికీ తెలుసు. క్రికెట్‌ను ఇంట్లో అందరి వినోదంగా మార్చాలన్న సంస్థ ఆలోచనకు ఆమె ముఖమయ్యారు. ఆ ఆలోచనపై వచ్చిన విమర్శల భారాన్ని కూడా ఆమే మోశారు. ఆమె అడిగిన ప్రశ్నలకన్నా కట్టిన చీరలు, వేసుకున్న రవికెల గురించి పత్రికల్లో ఎక్కువ చర్చ జరిగింది.

జార్జ్‌కు, బేడీకి మధ్య దేశం, ఆట, ముప్పై ఏళ్ల కాలం అడ్డున్నాయి. అయినా ఇద్దరినీ ఒకే వాదంతో ప్రవేశపెట్టారు, ఒకే వాదంతో ప్రశ్నించారు. ఆట తెలియని ప్రేక్షకుని పక్షాన అడగడం కోసం నియమించి, ఆట తెలియదని తప్పుపట్టడం ఆ స్థానంలోనే ఇమిడి ఉన్న అన్యాయం. ఈ కారణం చేతనే 2017లో పాండర్ నియామకాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. 1985 నుండి క్రిస్ బెర్మన్ నిర్వహించిన కుర్చీ అది. అక్కడ మహిళ పక్క స్థానంలో గాక నడిపే స్థానంలో కూర్చున్నారు. కథకుని తంబురా ఆమె చేతికి వచ్చింది. ఏడు సీజన్ల తరువాత ఆమె నిష్క్రమణ ఖర్చుల లెక్కగా వార్తల్లోకి వచ్చింది. ఆ లెక్కలో ఈ చారిత్రక స్థానానికి విలువ కట్టే గడి లేదు.

7. వీడ్కోలు ఒక ప్రదర్శనగా

పై ఉదాహరణలన్నింటికీ భిన్నమైనది లీ కోర్సో నిష్క్రమణ. కళాశాలల ఫుట్‌బాల్ పోటీలకు ముందు శనివారం ఉదయం ప్రసారమయ్యే 'కాలేజ్ గేమ్‌డే' 1987లో ప్రారంభమైనప్పటినుండి మాజీ శిక్షకుడైన కోర్సో అందులో ఉన్నాడు. సంధానకర్తలు మారారు, 1990లో వచ్చిన క్రిస్ ఫౌలర్ తరువాత 2015లో రీస్ డేవిస్ ఆ బాధ్యత తీసుకున్నాడు. 1993లో ఈ కార్యక్రమం స్టూడియో విడిచి పోటీ జరిగే విశ్వవిద్యాలయ ప్రాంగణాలకు తరలింది. 1996 అక్టోబరులో ఒహాయో స్టేట్ ప్రాంగణంలో, ఏ జట్టు గెలుస్తుందో మాటతో చెప్పకుండా ఆ జట్టు చిహ్నమైన బొమ్మతలను కోర్సో తలకు ధరించాడు. ఆ చేష్ట కార్యక్రమానికి భరతవాక్యంగా స్థిరపడింది.

2009లో కోర్సోకు పక్షవాతం వచ్చింది. మాట తడబడినా అదే ఏడాది బల్లకు తిరిగి వచ్చాడు. ఆ తరువాత అతను వాక్యం పూర్తిచేయలేకపోయినప్పుడు పక్కనున్న కర్క్ హెర్బ్‌స్ట్రీట్ ఆదుకోవడం కార్యక్రమంలో భాగమైంది. చక్కని ఉచ్చారణే అర్హతగా నడిచే మాధ్యమంలో, ఉచ్చారణ దెబ్బతిన్న మనిషికి మరో పదహారేళ్లు చోటు దక్కింది. ఇక్కడ స్థాపక సిద్ధాంతం పనిచేయలేదు. ఆ స్థానానికి కావలసిన గుణాలు తగ్గినా మనిషిని మార్చలేదు, ఎందుకంటే అప్పటికి ఆ స్థానమే ఆ మనిషిగా మారిపోయింది.

2025 ఏప్రిల్‌లోనే అతని చివరి ప్రసారం ఎప్పుడో సంస్థ ప్రకటించింది. తొంభై ఏళ్లు నిండిన నెలలోనే, ఆగస్టు 30న, తొలిసారి బొమ్మతల ధరించిన ఒహాయో స్టేట్ ప్రాంగణంలోనే అతను చివరిసారి దానిని ధరించాడు. ప్రేక్షకులకు సిద్ధపడడానికి నాలుగు నెలలు, చూడడానికి ఒక పూర్తి కార్యక్రమం, గుర్తు పెట్టుకోవడానికి ఒక చివరి చేష్ట లభించాయి.

ఈ వీడ్కోలును అమాయకంగా కీర్తించనవసరం లేదు. అది కూడా ప్రకటనలతో కూడిన ప్రసారమే. కన్నీటికి సైతం ప్రేక్షకసంఖ్య ఉంటుంది. ఇదే కార్యక్రమం నుండి పొలాక్ రెండేళ్ల ముందు ఎటువంటి ప్రసార వీడ్కోలు లేని వేసవిలో తొలగిపోయాడన్నది మరువరాదు. ఒకే సంస్థ, ఒకే బల్ల. ఒకరికి ఉత్సవం, మరొకరికి ఉత్తరం. ముప్పై ఎనిమిదేళ్ల సేవకూ పుష్కరకాలపు సేవకూ తేడా ఉండడం సహజమే. అయితే ఆ తేడా ఉత్సవం స్థాయిలో ఉండవచ్చు గాని, ప్రేక్షకునికి ఒక మాట చెప్పడమా మానడమా అన్న స్థాయిలో ఉండరాదు.

చెప్పడం అసాధ్యం కాదని రాండీ మాస్ ఉదంతం నిరూపిస్తుంది. 2024 డిసెంబరులో అనారోగ్యం వల్ల అతను 'సండే ఎన్‌ఎఫ్‌ఎల్ కౌంట్‌డౌన్'కు దూరమయ్యాడు. విషయాన్ని ప్రేక్షకులకు తెలియజేశారు. కుర్చీ అతనిదిగానే ఉంచారు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ నాడు అతను తిరిగి వచ్చాడు. వీరిలో ఒక్కరి లోటును కూడా దాచనక్కరలేదని, ఖాళీని ఖాళీగా చూపడం కార్యక్రమాన్ని బలహీనపరచదని ఇది తెలుపుతుంది.

8. తెలుగు ప్రసారాలకు ఈ చర్చ అవసరం

2018లో ఐపీఎల్ ప్రసార హక్కులు సోనీ నుండి స్టార్‌కు మారాయి. ప్రేక్షకులు పదేళ్లు అలవాటుపడిన ఆటముందరి చర్చ, దాని ముఖాలు ఒక్కసారిగా ఐపీఎల్‌కు దూరమయ్యాయి. ఫాక్స్ తన పోటీదారు ముఖాలను వెంట తెచ్చుకున్న 1994 నాటి స్థితికి ఇది భిన్నం. అదే సంవత్సరం ఐపీఎల్‌కు తెలుగు వ్యాఖ్యానం మొదలైంది; ఏడాది చివర స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చింది. విశాఖపట్నానికి చెందిన వేణుగోపాలరావు వంటి మాజీ ఆటగాళ్లు తెలుగులో ఆటను విశ్లేషించడం ఒక భాషా సంఘటన. 'స్లిప్', 'యార్కర్' వంటి మాటలను యథాతథంగా ఉంచి, వాటిచుట్టూ తెలుగు క్రియలను, నుడికారాన్ని అల్లే వాచికం అక్కడ రూపొందుతున్నది.

ఈ వాచికం పుస్తకాల్లో లేదు. మాట్లాడేవారి నోట ఉంది. ఒక సంధానకర్త కొన్నేళ్లలో కూర్చుకున్న పదాలు, పలుకుబడి అతను తప్పుకున్న రోజున అతనితోపాటు పోతాయి. అమెరికన్ ప్రసారాల చరిత్ర పుస్తకాల్లో, పత్రికా కథనాల్లో నమోదైంది కాబట్టే 1975 నాటి బల్ల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చున్నారో నేటికీ తెలుస్తున్నది. తెలుగు క్రీడాప్రసారం ఇంకా తొలి దశాబ్దంలోనే ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ కార్యక్రమానికి సంధానకర్తలుగా ఉన్నారో నమోదు చేయడం ఇప్పుడే సులభం. మాధ్యమ అధ్యయన, భాషాశాస్త్ర విభాగాల పరిశోధకులు ఉమ్మడిగా చేపట్టదగిన పని ఇది.

9. ముగింపు

ప్రసార సంస్థకు మనుషులను మార్చే హక్కు ఉంది. మార్పు లేని బల్ల ఆదర్శం కాదు. అది కొత్తవారికి తలుపు మూసే బల్ల కూడా అవుతుంది. ఒకే కుర్చీలో ఒకరు ముప్పై ఏళ్లు కూర్చోవడమంటే ఆ ముప్పై ఏళ్లూ మరొకరికి ఆ అవకాశం లేకపోవడమే. అందువల్ల మార్పు జరిగిందా లేదా అన్నది విమర్శకు కొలమానం కాజాలదు. మార్పు ఎక్కడ జరిగింది, ఎవరి ఎదుట జరిగింది అన్నదే కొలమానం.

ఈ దృష్టితో చూస్తే పై నిష్క్రమణలు రెండు తరగతులుగా విడిపోతాయి. స్నైడర్, కోల్బర్, పొలాక్, పాండర్ విషయాల్లో మార్పు ప్రేక్షకునికి తెలియజేసిన నిర్ణయం. జాక్సన్ మాట్లాడిన ఆదివారం, మాస్ కోసం నిలిపిన కుర్చీ, కోర్సో చివరి శనివారం వంటి సందర్భాల్లో మార్పు ప్రేక్షకునితో పంచుకున్న అనుభవం. మొదటి తరగతిలో ప్రేక్షకుడు వినియోగదారుడు. రెండవ తరగతిలో సభ్యుడు.

నాట్యశాస్త్రంలో సూత్రధారి నిష్క్రమణ రంగస్థలం మీదనే, సభ చూస్తుండగానే జరుగుతుంది. స్థాపకుడు అదే సభ ఎదుట ప్రవేశిస్తాడు. అతను ఎంత పోలికగా ఉన్నా, ఒకరు వెళ్లారనీ మరొకరు వచ్చారనీ సభకు తెలుసు. కోట్ల డాలర్ల హక్కులతో, అధునాతన సాంకేతికతతో నడిచే నేటి పూర్వరంగాలు ఆ పాటి మర్యాదను తరచుగా మరచిపోతున్నాయి. వాటిని తిరిగి నేర్చుకోవడానికి ఖర్చేమీ లేదు. కొత్త సీజన్ తొలిరోజున, కొత్తవారికి స్వాగతం పలికే ముందు, వెళ్లిపోయినవారి పేరు ఒక్కసారి చెబితే చాలు.